పక్కకు అందించిన పళ్ళెం

సహోదరులారా, నా భార్య కరుణ టెక్కలి ఆస్పత్రిలో ప్రాణం విడిచిన ఆ ఉదయం, నేను నౌపడ ఉప్పుమళ్ళ గట్టు మీద ఫోను పట్టుకుని, మేనేజరు గారి జవాబు కోసం చూస్తూ నిలబడి ఉన్నాను.

ఆయన పద్ధతి మీకు చెప్పాలి. ఒక మడిలోంచి ఇంకో మడిలోకి నీరు వదలాలంటే ఉప్పదనం కొలిచే గాజు గొట్టాన్ని నీటిలో ముంచి, ఫోటో తీసి పంపాలి, ఆయన సరే అన్నాకే గండి తీయాలి. నేను ఇరవై ఏళ్ళుగా మేస్త్రిని, నీటి రంగు చూసి చెప్పగలను, అయినా భోజనానికి వెళ్తే ఫోటో, తిరిగొస్తే ఫోటో! మళ్ళలో ఉప్పు పోగుచేసే ఆడవాళ్ళు నవ్వేవారు: "మేస్త్రి బాబూ, తుమ్మొస్తే ఏటి సేస్తావు? ఫోటో ఎట్టి అడుగుతావా?" నేనూ నవ్వేవాణ్ణి. అలా అడగడం అలవాటైపోయింది.

ఆ ఉదయం ఆస్పత్రి నుంచి మా మరదలు ఫోను చేసి, "బేగి రా బావా, అక్క నిన్నే అడుగుతన్నాది" అంది. నేను మేనేజరు గారికి ఒక గంట పర్మిషను కావాలని పంపాను. ఎందుకో రాయలేదు. రాస్తే పది ప్రశ్నలు వేస్తారని రాయలేదు. నలభై నిమిషాలకు "ఎందుకు?" అని వచ్చింది. అప్పటికి కరుణ లేదు.

ఆ తరువాత పది నెలలు, ప్రతి మొదటి ఆదివారం ప్రభువు బల్ల దగ్గర రొట్టె పళ్ళెం నా వరుసకు వచ్చినప్పుడు, నేను తీసుకోకుండా పక్కవారికి అందించాను. మీలో కొందరు చూశారు, అడగలేదు, అందుకు వందనాలు. మేనేజరు గారి మీద ద్వేషం పెట్టుకుని ఆ రొట్టె ముట్టలేకపోయాను. "ప్రభువా, ఆ మనిషిని నా కళ్ళ ముందు నుంచి తీసెయ్యి" అని రోజూ అడిగాను. ప్రభువు తీసెయ్యలేదు.

ఈ వేసవిలో ఒకరోజు పనిలో ఉన్న అప్పలమ్మ పరుగున వచ్చింది. "బాబూ, మా ఆయనకి ఆయాసం ఎక్కువైపోనాదట. నానెల్లాల."

"ఉండమ్మా, సార్ని అడిగి సెప్తాను" అని ఫోను తీశాను.

ఆవిడ నా చేతిలోని ఫోను వైపే చూస్తూ నిలబడింది. సహోదరులారా, ఆ నిలబడటం నాకు తెలుసు. అదే గట్టు.

కరుణ పోయిన రోజు నన్నెవరూ కట్టేయలేదు, గేటుకు తాళం లేదు, నా బండి పక్కనే ఉంది, అయినా నేను కదల్లేదు. ఆ సంగతి మోయలేక అంతా ఆ మనిషి మీద వేసి ఇన్నాళ్ళూ ద్వేషించాను. కళ్ళు మూసుకోకుండానే ప్రార్థించాను: "ప్రభువా, నేను వెళ్ళలేదు. నన్ను క్షమించు."

ఫోను జేబులో పెట్టి, "బండెక్కు" అన్నాను. ఆమె భర్తను ఆస్పత్రిలో చేర్చాం. ఆయన బతికారు. దేవునికే మహిమ!

తిరిగొచ్చేసరికి మేనేజరు గారు గట్టు మీద ఉన్నారు. "ఎవర్నడిగి ఎల్లేవు?"

"ఎవర్నీ అడగలేదండి. కిందటేడు అడిగేను. మా ఆవిడ పోతన్నప్పుడు అడిగేను."

ఆమె పోయిందని ఆయనకు తెలుసు, నేనడిగిన గంట దానికేనని తెలియదు. "నాకు సెప్పలేదేటి మేస్త్రీ?" అన్నారు.

"సెప్పలేదండి. అది నా తప్పు" అన్నాను. ఆ మాట అన్నాక ఆయన మీద కోపం కోసం వెతికాను, దొరకలేదు.

ఇప్పటికీ ఫోటోలు అడుగుతారు, పంపుతున్నాను. భయం పోయింది. దుఃఖం పోలేదు, పోయిందంటే అబద్ధమవుతుంది. కానీ మొన్న మొదటి ఆదివారం పళ్ళెం వచ్చినప్పుడు చెయ్యి చాపి తీసుకున్నాను.

మీలో ఎవరైనా ఆ పళ్ళేన్ని పక్కకు అందిస్తున్నవారుంటే, ప్రభువును నమ్మండి, ప్రార్థనకు మంచి మాటల కోసం వెతుక్కోకండి, నాకు అయిదు మాటలు సరిపోయాయి. ఇంకొక్కటి. ఇంటి నుంచి బేగి రమ్మని పిలుపొస్తే ఎవర్నీ అడగకండి. వెళ్ళండి.