సముద్రం నిండే దాకా

వేంపల్లెలో దూదేకుల నబీసా సముద్రం చూడాలని ముచ్చటపడుతోందంటే ముందు ఎవరూ నమ్మలేదు. రెండో యుద్ధానికి నాలుగైదేళ్ల ముందు మాట ఇది. ఆ రోజుల్లో మనిషి ఊరు కదలాలంటే పెళ్లన్నా ఉండాలి, చావన్నా ఉండాలి, కాకుంటే మొక్కన్నా ఉండాలి. ఊరికే నీళ్లు చూసి రావడానికి రైలెక్కేవాళ్లను ఆ ఊరు కనలేదు, వినలేదు.

ఈ ముచ్చట అంటించింది మిషను బడి అయ్యవారు జ్ఞానరాజు భార్య ఆనందం. ఆమె పుట్టిల్లు చెన్నపట్నంలోని రాయపురం. ఒకరోజు నబీసా అయ్యవారి ఇంట్లో పరుపు కుడుతుంటే, ఆనందం పక్కన కూచుని పుట్టింటి కబుర్లు మొదలుపెట్టింది. నాలుగడుగులు వేస్తే సముద్రమేనట. చూపు ఆనినంత మేరా నీళ్లేనట. నబీసా చేతిలో దబ్బనం ఆగిపోయింది. బావిలోకి చేద వదిలి, నీళ్లు తగిలిన చప్పుడు ఎప్పుడొస్తుందా అని చెవి ఒగ్గి బతికిన మనిషి ఆమె.

"నలభై ఏండ్లు దాటినాయమ్మా. అవతలి గట్టు కనపడని నీళ్లు నేను ఒగసారి గూడా చూళ్లా," అంది.

"అయితే రండి. మా అన్న ఇంట్లోనే దిగుదురు," అని ఆనందం మాటిచ్చింది.

నబీసా భర్త ఖాసిం వలి విల్లు భుజాన వేసుకుని ఊరూరా తిరిగి దూది ఏకేవాడు. మనిషి మంచివాడే, కానీ ప్రతి పనికీ ముందూ వెనకా చూసే రకం. కుండ కొనాలంటే సంతలో ఉన్న కుండలన్నీ తట్టి చూసి, చివరికి మొదట తట్టినదే తెచ్చేవాడు. భార్య కోరిక విని కాదనలేదు సరికదా, మంచం మీద బాసింపట్టు వేసుకుని ఏర్పాట్లు మొదలుపెట్టాడు. ఎర్రగుంట్ల దాకా పక్కింటి తిమ్మయ్య ఎద్దుల బండి, అక్కడినుంచి రైలు. దారిలోకి సద్ద రొట్టెలు, చెనిక్కాయల పొడి, ఎర్రగడ్డలు. పట్నం నీళ్లు పడతాయో లేదో, మన బావి నీళ్లే రెండు ముంతలు. పరుపులు కుట్టేవాళ్లు పరాయి పరుపు మీద పడుకుంటే నామోషీ కాబట్టి చుట్టి కట్టుకోవడానికి ఒక బొంత. అన్నీ కుదిరాయి. ఎప్పుడు పోవాలన్నది ఒక్కటే మిగిలింది.

"పోయేది ఒగసారి. నిండుగా ఉన్నప్పుడు చూడల్ల మే. ఈ ఏడు వాన పడనీ," అన్నాడు ఖాసిం వలి.

ఆ ఏడు వాన పడలేదు. మరుసటేడూ మొహం చాటేసింది. పాపాగ్ని ఏట్లో చెలమలు తోడుకుని తాగే గతి పట్టింది. నబీసా ఉండబట్టలేక అడిగింది: "సముద్రానికి గూడా మన వానే కావల్నా మామా?"

"సముద్రమంటే ఏందనుకున్నావు? ఏర్లన్నీ పోయి పడే చోటు. మన పాపాగ్ని పోయి పెన్నలో పడతాది. పెన్న పోయి సముద్రంలో పడతాది. ఈడ చుక్క లేదు, ఇంక ఆడికి యాడనుంచి వస్తాయి? అంత దూరం పోయి ఇసుక చూసి వస్తావా?"

తిమ్మయ్య కూడా వంత పాడాడు. "నిజమే నబీసమ్మా. ఎంత పెద్ద చెరువైనా రెండేండ్లు వాన లేకుంటే ఎండక ఏం చేస్తాది?"

నవ్వకండి. నిండడం, ఎండడం తప్ప నీళ్లకు మూడో గుణం ఉంటుందని ఎరగని నేల అది. అక్కడ పుట్టినవాడు ఎంత తెలివైనవాడైనా ఇదే లెక్క వేస్తాడు.

నబీసా ఆకాశం చూస్తూ కూచుంది. మబ్బు పడితే రైతుల కంటే ముందు వీధిలోకి వచ్చేది ఆమే. "నీకు సెంటు భూమి లేదే, వానతో నీకేం పని?" అని తిమ్మయ్య ఎగతాళి చేస్తే, "నీకు చేను తడవల్ల, నాకు సముద్రం నిండల్ల," అనేది. పైకి నవ్వినా, ఇక ఈ జన్మకు చూడనేమోనని లోపల దిగులుగా ఉండేది.

మూడో ఏడూ అలాగే గడిచింది. ఎండలు ముదిరే వేళ ఆనందమే నబీసా ఇంటికి వచ్చింది. అయ్యవారికి బదిలీ అయింది.

"నేను పుట్టింటికి పోతున్నా. అటునుంచి అటే కొత్త ఊరికి. మూడేళ్ల నుంచి పిలుస్తున్నా, మీకు రావడం ఇష్టం లేకుంటే ఆ మాటే చెప్పేయండి," అంది నిష్ఠూరంగా.

నబీసాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఇష్టం లేక కాదమ్మా. వానలు పడలా గదా. సముద్రంలో నీళ్లేముంటాయని..."

ఆనందానికి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక కడుపు పట్టుకుని నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ నబీసా మొహం చూసి ఆగిపోయింది. పక్కన కూచుని చేయి పట్టుకుంది.

"సముద్రం ఎండదు నబీసమ్మా. వాన పడినా పడకున్నా అట్లే ఉంటుంది."

"మా తాత కాలంలో పెద్ద కరువొచ్చినప్పుడు?"

"అప్పుడూ అట్లే ఉంది."

ఎండని నీళ్లు! నబీసాకు నమ్మబుద్ధి కాలేదు, నమ్మకుండా ఉండబుద్ధీ కాలేదు. ఆ సాయంత్రమే మొగుడి ముందు ఈ మాట పెట్టింది. ఖాసిం వలి పెదవి విరిచాడు. "పుట్టింటిని ఎవురైనా పొగుడుకుంటారు మే."

కాపురానికి వచ్చాక నబీసా గొంతు పెంచడం అదే మొదలు. "ఇసుకే ఉంటే ఇసుకే చూసొస్తా. ఆయమ్మ పోతే మనల్ని పిలిచేవాళ్లు ఇంకెవురుండారు? కరువులో పరుపులు కుట్టించుకునేవాళ్లు లేరు, మనకు పనీ లేదు. నువ్వు రాకుంటే నేనొక్కదాన్నే పోతా."

ఖాసిం వలి లేచి బొంత దులిపాడు.

రాయపురంలో దిగిన మర్నాడు పొద్దున్నే ఆనందం వాళ్లను తీసుకుపోయింది. ఇళ్లు దాటి ఇసుక తగలగానే ఖాసిం వలి ఆగాడు. "చూసినావా? నేను చెప్పలా?" అన్నాడు గెలిచినట్టు. ఇంకో పది అడుగులు వేశాక ఎదురుగా అవతలి గట్టు లేని నీళ్లే కనపడ్డాయి.

నబీసా ఆగలేదు. మోకాళ్ల దాకా దిగింది. అల వచ్చి నడుము దాకా తడిపి పోయింది. ఆమె పకపకా నవ్వింది, నవ్వులోనే ఏడ్చింది, ఆ ఏడుపులోనే కోపం వచ్చింది. "ఇన్ని నీళ్లు ఈడ పెట్టుకొని, మా ఊరికి ఒక్క వాన పంపలేకపోయినావా?" అని సముద్రాన్ని చెడామడా తిట్టింది. వలలు సర్దుకుంటున్న బెస్తవాళ్లు తలెత్తి చూశారు.

ఖాసిం వలి పంచె ఎగగట్టుకుని మెల్లగా వచ్చి పక్కన నిలబడ్డాడు. తప్పు ఒప్పుకోవడం ఆయనకు అలవాటు లేదు.

"మూడేండ్లు నిన్ను ఆపినా మే," అన్నాడు, నీళ్లకేసే చూస్తూ.

నబీసా తడిసిన కొంగుతో మొహం తుడుచుకుని ఆ చివరి నుంచి ఈ చివరి దాకా చూసింది.

"పోనీలే మామా. ఒక్క చుక్క గూడా తగ్గలా."