మా విస్తళ్ల షెడ్డులో సమ్మె

ఆ రోజుల్లో నాకు ప్రభుత్వమంటే మహా గౌరవం. ఏదైనా కాగితం పంపితే అక్కడెవరో కూర్చుని అక్షరం అక్షరం చదువుతారని, ఏ నెలైనా మన దగ్గర డబ్బు అడగలేదంటే వాళ్ళకి మన మీద దయ కలిగిందని గట్టిగా నమ్మేదాన్ని. ఇరవై మూడేళ్ళ వయసు. గుణుపురం కాలేజీలో బీకాం పాసై రాయగడలో ఇంటికొచ్చి నెలన్నర తిరక్కుండానే ఒక పరిశ్రమకి యజమానురాలినైపోయాను. (ఇందులో నా ప్రతిభేమీ లేదు. ఆడవాళ్ళ పేరు మీదైతే బ్యాంకు లోను తొందరగా వస్తుందని ఎవరో మా నాన్నకి చెప్పారు.) పరిశ్రమ అన్నానని మరీ ఎక్కువ ఊహించుకోకండి. కల్యాణసింగ్‌పూర్ వెళ్ళే రోడ్డు మీద ఒక రేకుల షెడ్డు, అందులో మూడు మిషన్లు, పన్నెండు మంది మనుషులు. కొండల మీంచి అడ్డాకు వస్తుంది, మావాళ్ళు కుడతారు, మిషను వేడి మీద నొక్కి విస్తరి చేస్తుంది. ఆ విస్తళ్ళు పార్వతీపురం పెళ్ళిళ్ళకీ గుణుపురం భోజనాలకీ వెళ్ళిపోతాయి.

నాన్న పనిని రెండు ముక్కలు చేశాడు. "ఆకు నాది, కాయితం నీది అమ్మీ. నీ పేరు మీదే కదా ఉన్నాది," అన్నాడు. ఆకు సంగతి ఆయనకి ముప్పై ఏళ్ళుగా తెలుసు. కాగితం సంగతి నాకు నోటీసు వచ్చాక తెలిసింది. పదిమంది, ఆ పైన పనివాళ్ళున్న చోట ఈఎస్ఐలో చేరాలట. చేరితే పనివాళ్ళకి జబ్బు చేసినా కాన్పు వచ్చినా ఆ పథకం ఆదుకుంటుంది. అందుకు యజమాని నెలనెలా ఎవరు ఎన్ని రోజులు పనిచేశారు, ఎవరి జీతం ఎంత అని కంప్యూటర్లో తెలియజేసి, మరుసటి నెల పదిహేనో తేదీలోగా చందా కట్టాలి. నాన్న ముందు అసలు లెక్కనే తగ్గించబోయాడు. "పన్నెండు మందేటి? ఇద్దరు మనింట్లోనే తింతన్నారు. ఇంట్లో తినీవోల్లు పనోల్లెలాగవుతారు?" అన్నాడు. "తిన్నా పనోల్లే నాన్నా," అన్నాను. చదువుకున్నదాన్ని కదా అని ఊరుకున్నాడు.

నిజం చెప్పాలంటే ఆ నోటీసు చూసి నేను భయపడ్డానే గాని, దాని అర్థం తెలిసింది మాత్రం సుక్రి వల్ల. సుక్రి కొరాపుట్ వైపు పిల్ల. నాకన్నా రెండేళ్ళు పెద్దదేమో. మిషను దగ్గర ఆమెలా చెయ్యి తిరిగినవాళ్ళు ఇంకెవరూ లేరు. అప్పటికి మూడో నెల. మొదటి కాన్పప్పుడు ఇంకెక్కడో ఇటుకల పనిలో ఉండేదట, ఇరవయ్యో రోజుకే పసిగుడ్డుని చెల్లెలి చేతిలో పెట్టి పనిలోకి వచ్చేసిందట. ఆ మాట ఆమె మామూలుగానే చెప్పింది. నిబంధనల పుస్తకం తిరగేసి ఆమెని కూర్చోబెట్టి చెప్పాను. మన రిపోర్టుల్లో డెబ్బై రోజులు పనిచేసినట్టు ఉంటే చాలు, కాన్పుకి ఆరు నెలలు ఇంట్లో బిడ్డ దగ్గర ఉండొచ్చు, జీతం ఈఎస్ఐ ఇస్తుంది అని. సుక్రి నమ్మలేదు.

"పని సెయ్యకుండా పైసలు ఎవరిస్తారు దిదీ?"

"సర్కారు ఇస్తుంది."

"సర్కారుకి నా పేరు తెలుసా?"

"నేను నెలనెలా చెప్తాను కదా," అన్నాను. ఎంత ధీమాగా అన్నానో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఇక్కడ మా వాళ్ళ పేర్ల గురించి చెప్పాలి. కొరాపుట్ వైపు చాలామందికి పుట్టిన వారమే పేరు. సోమవారం పుట్టినవాడు సోమ, మంగళవారం పుడితే మంగళ, బుధవారమైతే మగపిల్లాడు బుద్ర, ఆడపిల్ల బుద్రి, ఆ తర్వాత గురు, సుక్ర, సుక్రి, సని, ఆదివారానికి ఐత. మా పన్నెండు మందిలో తొమ్మిదిమంది అలాంటివాళ్ళే. అంటే మా షెడ్డులో వారం మొత్తం ఉండేది, బుధ శుక్రవారాలు రెండేసి. మిగిలిన ముగ్గురూ శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన మనవాళ్ళు: పెద్దప్పలమ్మ, సిన్నప్పలమ్మ, వాళ్ళ మరిది.

రిపోర్టులు పంపే పని మా అమ్మకి వేలువిడిచిన తమ్ముడు, పార్వతీపురం మావయ్యకి అప్పజెప్పాం. ఏదో కొట్లో గుమాస్తాగా చేసి మానేసి, చుట్టుపక్కల దుకాణాల ఫారాలన్నీ నింపిపెట్టేవాడు. మంచివాడు, ఒక్కటే లోపం, ఎవరినీ ఏదీ అడగడు. అడిగితే తెలియదనుకుంటారని. మొదటి రెండు నెలలూ నేను హాజరు పుస్తకం చంకన పెట్టుకుని రైల్లో వెళ్ళి పక్కన కూర్చుని ఎక్కించి వచ్చాను. మూడో నెల ఆయనే అన్నాడు. "ఎందుకమ్మీ ఇంత దూరం తిరుగుతావు? వాట్సాపులో పెట్టీ. తెలుగులోనే పెట్టు, నా కల్లజోడు మార్సాల." హాయిగా ఇంట్లో కూర్చుని పెట్టాను. సోమ 24, మంగళ 25, బుధ 26, ఇలా ఒక్కొక్కరు ఆ నెల పనిచేసిన రోజులన్నమాట. (బుద్రని 'బుధ' అని రాసింది నేనే. ఫోను దానంతటదే దిద్దేసిందని చాలాకాలం అందరికీ చెప్పుకున్నాను.) ఆ కింద పెద్దప్పలమ్మ, సిన్నప్పలమ్మ, మరిది.

నాలుగు రోజుల తర్వాత మావయ్య ఫోను చేశాడు. "అమ్మీ, పనైపోనాది. ఈ నెల సలానా సున్నా వచ్చింది. ఏటీ కట్టక్కర్లేదు." ఎందుకని నేనూ అడగలేదు. కొత్త పరిశ్రమ కదా, ఏదో రాయితీ ఇచ్చి ఉంటారనుకున్నాను. సిమ్ కార్డు కొంటే మొదట్లో ఫ్రీ ఇస్తారు కదా, అలాగన్నమాట. నాన్నకి చెబితే అమ్మ వైపు తిరిగి "సూసేవా, సదువంటే అదీ," అన్నాడు. మరుసటి నెలా అలాగే పెట్టాను, మళ్ళీ సున్నాయే వచ్చింది. నా నమ్మకం ఇంకా బలపడింది. జీతాల్లోంచి కోసిన పనివాళ్ళ వాటా ఒక కవరులో పెట్టి, రాయితీ సంగతి ఖాయమయ్యాక తిరిగి ఇచ్చేద్దామనుకున్నాను.

సుక్రికి ఏడో నెల రాగానే ఆమెని తీసుకుని ఈఎస్ఐ ఆఫీసుకి వెళ్ళాను. బల్ల వెనక ఉన్నాయన మర్యాదస్తుడు, కుర్చీలు చూపించి నెంబరు కొట్టి చూశాడు. చూసి కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు. ఆయన ఒడియాలో అడిగినది తెలుగులో చెబితే ఇంత: "మీ దగ్గర హర్తాల్ ఇంకా నడుస్తోందా?"

ఏ హర్తాల్ అన్నాను. ఆయన స్క్రీను నా వైపు తిప్పాడు. మొదటి రెండు నెలల్లో సుక్రి పేరు పక్కన ఇరవై ఐదు, ఇరవై నాలుగు. తర్వాతి రెండు నెలల్లో సున్నా, సున్నా. రోజులు సున్నా అని వేస్తే కారణం చెప్పాలి, అందుకు కంప్యూటరే ఒక పట్టీ చూపిస్తుంది. అందులోంచి ఎవరో ఏరి పెట్టిన కారణం: సమ్మె లేక లాకౌట్. ఒక్క సుక్రికే కాదు, పన్నెండు మందికీ. అంటే రాయగడలో మా అడ్డాకుల షెడ్డు రెండు నెలలుగా సమ్మెలో ఉంది, ఆ సంగతి మా షెడ్డుకే తెలియదు. ఆయన నింపాదిగా లెక్కవేసి, "నలభై తొమ్మిది రోజులు. ఇంకా ఇరవై ఒకటి కావాలి. ఇలాగైతే ఈ అమ్మాయికి రాదు," అన్నాడు.

ఆటోలో సుక్రి బయటికి చూస్తూనే అంది. "నేను హర్తాల్ సేసేనా దిదీ? నా పేరు నెలనెలా సెప్తానన్నావు." నాకు ఏడుపొచ్చింది. ఏడిస్తే ఆమె నన్ను ఓదార్చాల్సి వస్తుందని ఆపుకున్నాను.

ఇంటికి రాగానే మావయ్యకి ఫోను చేశాను. "సమ్మె ఏటి మావయ్యా?" అంటే ఆయన తొణకలేదు.

"నువ్వే కదా పెట్టేవు? సోమ ఇరవై నాలుగు, మంగళ ఇరవై అయిదు, బుధ ఇరవయ్యారు. కాలెండరు సూసేను. ఇరవై నాలుగు సోమవారమే అయ్యింది. ఆ వారం నుంచి మూసీసేరని అర్దమైపోనాది. అంతకు ముందు ఎన్ని రోజులు సేసేరో పెట్టలేదు కదా, అందరికీ సున్నా ఏసీసేను. తక్కినవి సదవలేదు."

"మరి కింద మనుషుల పేర్లు ఉన్నాయి కదా?"

"పెద్దప్పలమ్మ, సిన్నప్పలమ్మ, ఆల్ల మరిదీనా? సమ్మె సేయించినోల్లనుకున్నాను."

"రెండో నెల?"

"మల్లీ అదే వరస పెట్టేవు. ఇంకా తెగలేదు కాబోలు, పాపం అమ్మాయి సిన్నది, అడిగితే బాదపడతాదని ఊరుకున్నాను."

ఫోను పెట్టేశాక నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మర్నాడు పొద్దున్న షెడ్డుకి వెళ్ళేసరికి ఆ సందేహం కూడా తీరిపోయింది. మిషన్లు చల్లగా ఉన్నాయి. సుక్రి చెప్పేసినట్టుంది, సోమ నుంచి ఐత దాకా మా వారం మొత్తం వరండాలో వరసగా కూర్చుని ఉంది. అందరికన్నా పెద్దవాడు సోమ లేచి నిలబడి, తగువులాడుతున్నట్టు కాకుండా నీళ్ళ పంపు పాడైందని చెబుతున్నట్టు చెప్పాడు. "సర్కారు మేం హర్తాల్‌లో ఉన్నామంది దిదీ. రెండు నెల్లు పని సేసినా నేదంది. అయితే ఇప్పుడు కూకుంటాం. మా రోజులు మాకు రాసేక లేస్తాం."

సరిగ్గా అప్పుడే నాన్న ఆకు బండితో దిగాడు. గుణుపురం భోజనాలకి రెండ్రోజుల్లో విస్తళ్ళు వెళ్ళాలి, పచ్చాకు ఎండ తగిలితే పెళుసెక్కి విరిగిపోతుంది. సంగతి విని, నాయకులతో మాట్లాడితే పనవుతుందని మావయ్య చెప్పిన పేర్లు పట్టుకుని నేరుగా లోపలికెళ్ళాడు. పెద్దప్పలమ్మ ఇదేమీ తెలియక మూల కూర్చుని ఆకులు కుడుతోంది. నాన్న చేతులు కట్టుకుని, "ఏటే అప్పలమ్మా, ఏటి మీ డిమాండ్లు?" అన్నాడు. ఆవిడ తలెత్తి, "నాకు డిమాండ్లేటి బాబూ, మోకాల్లు నొప్పులు," అంది. తర్వాత విషయం తెలుసుకుని ఆవిడా వెళ్ళి వరండాలో కూర్చుంది.

నేను ఇంటికెళ్ళి లాప్‌టాపు, హాజరు పుస్తకం తెచ్చుకున్నాను. మావయ్యని పాస్‌వర్డ్ అడిగితే చెప్పడానికి అరగంట బతిమాలించుకున్నాడు, అది ఆయన పుట్టినరోజట. వరండాలో వాళ్ళ మధ్య కింద కూర్చుని మొదలుపెట్టాను. పాత నెలల రిపోర్టుని దిద్దాలంటే అదనపు రిపోర్టు పెట్టాలని, గడువు దాటింది కాబట్టి హాజరు పుస్తకం నకళ్ళతో ఆఫీసుకి అర్జీ పెట్టుకోవాలని, ఆలస్యానికి వడ్డీ కట్టాలని ఒక్కొక్కటీ ఆ పూటే చదివి తెలుసుకున్నాను. అర్థమైంది మెల్లిగానే గాని అర్థమైంది. ఇన్నాళ్ళూ నేను ప్రభుత్వానికి పంపుతున్నవి అంకెలనుకున్నాను. అవి ఈ మనుషులు నాతో గడిపిన రోజులు. ఒక్కొక్కరి పేరూ గట్టిగా చదివి, ఎన్ని రోజులో చదివి, వాళ్ళు ఊ అన్నాకే కొట్టాను. "ఆ నెల ఒక మంగళవారం నేను రాలేదు, తీసీ," అన్నాడు గురు తనంతట తనే. సుక్రి వంతు వచ్చినప్పుడు ఇరవై ఐదు, ఇరవై నాలుగు అని చదివాను. ఆమె వేళ్ళ మీద లెక్కపెట్టుకుని మరీ ఊ అంది. మొత్తం పూర్తయ్యేసరికి మధ్యాహ్నం దాటింది. సోమ లేచి వెళ్ళి మిషను స్విచ్చి వేశాడు.

ఆ తర్వాత ఆఫీసుకి మూడుసార్లు తిరిగాను. చందా, వడ్డీ కట్టాను. వడ్డీ మాట విని నాన్న "సదువు" అని ఒక్క ముక్క అని ఊరుకున్నాడు. బల్ల వెనకాయన మూడోసారి వెళ్ళినప్పుడు అర్జీ మీద సంతకం చేయించి తెచ్చి, "మీ హర్తాల్ ముగిసింది," అని నవ్వాడు. సుక్రి లెక్క తొంభై ఎనిమిది రోజులైంది. ఆడపిల్ల పుట్టింది. సుక్రి ఆరు నెలలూ ఇంట్లోనే ఉంది.

బిడ్డకి మూడో నెల వచ్చాక ఒకరోజు ఎత్తుకుని షెడ్డుకి వచ్చింది. డబ్బు బ్యాంకులో పడిందని చెప్పి, సర్కారు దగ్గర తన పేరు ఎలా ఉందో చూపించమంది. చూపించాను. చదవడం రాకపోయినా అంకెలు తెలుసు. ఇరవై నాలుగు మీద వేలు పెట్టి, "ఇందులో ఒకరోజు కాల్లు పొంగిపోయి మజ్జానమే ఇంటికెలిపోయేను. అది ఎలా రాసేవు?" అంది. తప్పు దొరికిందనే అనుకుని అడిగినట్టుంది. సగం రోజు రాయడానికి ఆ ఫారంలో గడి లేదని, సగం ఉంటే నిండు రోజుగా రాయమనే నిబంధన అని చెప్పాను. అన్ని నిబంధనల్లోనూ నాకు నచ్చింది అదొక్కటే.

సుక్రి ఆ ఇరవై నాలుగు మీంచి వేలు తీయలేదు. "మరి మిగిలిన సగం ఎవరు సేసేరు దిదీ?" అంది. అని ఒళ్ళో నిద్రపోతున్న పిల్ల వైపు చూసి, "ఇదే సేసుంటాది," అంది.

ఇప్పటికీ రిపోర్టు నేనే పెడతాను, షెడ్డులో నిలబడి పేర్లు చదివి మరీ. ఎవరో ఒకరికి సగం రోజు తగులుతూనే ఉంటుంది. నిండు రోజని కొడుతూ, మిగిలిన సగం ఎవరు చేశారన్న సుక్రి ప్రశ్ననీ, సున్నా వస్తే సర్కారు దయ అని మురిసిపోయిన ఆ ఇరవై మూడేళ్ళ యజమానురాలినీ తలుచుకుని నాలో నేనే నవ్వుకుంటాను.