మా చెల్లెలు, మెంబరు గారి వాకౌట్

మా చెల్లెలి చేతులు చూసినవాళ్ళు వెంటనే ఆవిడ ముఖం వైపు చూస్తారు, ఇవి ఈ మనిషివేనా అన్నట్టు. ముఖం చిన్నది, చేతులు పెద్దవి. వయసంతా ఆసుపత్రి దుప్పట్లు ఉతికిన చేతులు. చాకలి సోడా నీళ్ళకు వేళ్ళ కొసలు అరిగిపోయి, వేలిముద్ర వెయ్యమంటే కాగితం మీద నల్లటి చుక్క పడుతుంది గానీ గీత పడదు. ఆవిడ గురించి రాసేవాళ్ళు ఎవరూ లేరు కనుక నేను రాస్తున్నాను. నేను చదివింది మూడో తరగతి. అక్షరం తప్పితే దిద్దుకుని చదవండి, సంగతి మాత్రం దిద్దకండి.

ఆసుపత్రి వెనక, శవాల గదిని ఆనుకుని, రేకుల షెడ్డులో ఉంటుంది బట్టలుతికే చోటు. ఇనప తొట్లు, ఆవిరి, కళ్ళు మండే వాసన. రక్తం మరకలున్న వాటిని ముందు చన్నీళ్ళలో నానబెట్టాలి. తొందరపడి వేడినీళ్ళలో వేస్తే ఆ మరక ఇక దుప్పటి చిరిగేదాకా వదలదు. కొత్తగా చేరినవాళ్ళకు మా చెల్లెలు మొదట నేర్పేది అదే. నోరు లేని మనిషని అందరూ అనుకుంటారు. నోరంతా నాకే ఇచ్చి దాన్ని ఉత్తచేతులతో పంపించాడు దేవుడు అనేది మా అమ్మ.

అంత నోరు లేనిదీ ఒకసారి తిరగబడింది. వేడినీళ్ళ గొట్టం పగిలి తోటి మనిషి కాళ్ళు బొబ్బలెక్కితే, బాగు చేయించండి మహాప్రభో అని అడిగి అడిగి విసిగి, ఒక పొద్దున తడి దుప్పట్లు తొట్లోనే వదిలేసి గేటు బయటికి నడిచింది. వెనకాలే అందరూ నడిచారు. మధ్యాహ్నానికి ఆపరేషన్ గదిలో పరచడానికి గుడ్డ లేదు. పెద్ద డాక్టరు చెప్పులు కూడా సరిగా తొడుక్కోకుండా గేటు దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు. సాయంత్రానికి కొత్త గొట్టం వచ్చింది. లేచి బయటికి నడిస్తే లోపల పని ఆగుతుందని, పని ఆగితే పెద్దవాళ్ళు దిగివస్తారని అక్కడి ఆడవాళ్ళందరి బుర్రలోనూ ఆ రోజు ముద్ర పడిపోయింది. ఈ సంగతి గుర్తుంచుకోండి. తర్వాత జరిగిందంతా దాని వల్లనే జరిగింది.

మా మరిది, అంటే దాని మొగుడు, బోర్డులు రాసేవాడు. ఊళ్ళో సగం కొట్ల పేర్లు అతని చేతి రాతే. సరదా మనిషి. నేను గుమ్మంలో అడుగు పెట్టగానే, "రండి వదినా, మీ నోటికి కూడా ఒక బోర్డు రాసి ఉంచాను, హెచ్చరిక అని" అనేవాడు. "ముందు నీ బద్ధకానికి రాసుకో" అనేదాన్ని నేను. అలాంటివాడికి మూత్రపిండాలు రెండూ పోయాయి. వారానికి రెండుసార్లు రక్తం శుభ్రం చేసే యంత్రానికి కలిపి పడుకోబెట్టాలన్నారు. అదృష్టం ఏమిటంటే ఆ యంత్రాలు మా ఆసుపత్రిలోనే ఉన్నాయి. చెల్లెలు ఇటు పక్క షెడ్డులో ఉతుకుతుంటే అతను అటు పక్క వార్డులో పడుకునేవాడు. "చూశారా వదినా, నా దుప్పటీ ఇక్కడే ఉతుకుతారు, నా రక్తమూ ఇక్కడే ఉతుకుతారు. ఒక్క ఇస్త్రీ మాత్రం బాకీ" అనేవాడు. అలా నవ్వుతూనే రోజులు నెట్టుకొచ్చాం.

అప్పుడు వచ్చింది కబురు. చిన్న ఊళ్ళలోని ఆసుపత్రులను నగరంలోని పెద్దాసుపత్రిలో కలిపేస్తూ చట్టం చేస్తారట. మంచాలు, యంత్రాలు, డాక్టర్లు అన్నీ అక్కడికే. నగరానికి బస్సులో సగం రోజు ప్రయాణం. యంత్రం మీద నుంచి దిగాక మా మరిది పది అడుగులు వేయలేడు. ఇక బస్సులో కూర్చుని ఏం వస్తాడు?

మా మెంబరు గారు, అంటే మేము ఓట్లేసి శాసనసభకు పంపిన ఆయన, కబురు తెలిసిన మర్నాడే మా వీధికి వచ్చాడు. పలకరింపుల్లో ఆయనకు సాటి వచ్చే మనిషి లేడు, అది ఒప్పుకోవాలి. ఎవరింట్లో ఎవరు పుట్టారో, ఎవరికి జ్వరమో అన్నీ నోటికి వచ్చు. కుర్చీ వేస్తే కూర్చోడు, నేల మీద కూర్చుంటాడు, ఫోటోగ్రాఫరు వచ్చేదాకా లేవడు. ఆయన తెల్ల చొక్కాలు ఇస్త్రీకి మా చెల్లెలి ఇంటికే వచ్చేవి. అందుకని ఆ ఇంటికి ఇంకా చనువు.

"ఏం పెద్దక్కా, నా మీద కోపమా? పలకరించవు" అన్నాడు నన్ను.

"నాకు కోపం రావాలంటే మీరేదో ఒకటి చెయ్యాలి కదా బాబూ" అన్నాను.

వీధంతా నవ్వింది. అందరికంటే గట్టిగా ఆయనే నవ్వాడు. తర్వాత మా మరిది చెయ్యి పట్టుకుని, కళ్ళు తడి చేసుకుని, "బావా, నా ప్రాణం పోయినా ఈ ఆసుపత్రిని కదలనివ్వను. సభలో చీల్చి చెండాడతాను, చూస్తూ ఉండు" అన్నాడు.

మా చెల్లెలు ఆయన్నే చూస్తూ, "మాటిచ్చారు బాబూ" అంది. అంతే అంది.

మరిది మర్నాడు బ్రష్షు పట్టాడు. చెయ్యి వణుకుతుంటే చెల్లెలు మోచెయ్యి పట్టుకుంది. ఆసుపత్రి ప్రహరీ గోడ మీద మనిషెత్తు నీలం అక్షరాలు: "ఈ ఆసుపత్రి ఇక్కడే ఉంటుంది." కింద మెంబరు గారి పేరు. అతను రాసిన చివరి రాత అది.

చట్టం సభకు వచ్చిన రోజు మరిదికి యంత్రం వంతు. వార్డులో గోడకు టీవీ ఉంది. ఉతికే ఆడవాళ్ళందరూ తడి చేతులతో వచ్చి మంచాల మధ్య నిలబడ్డారు. నర్సమ్మ కసిరితే, "ఒక్క అరగంట తల్లీ" అని బతిమాలుకున్నారు. మెంబరు గారు లేచాడు. ఎంత మాట్లాడాడో! మా ఊరి పేరు చెప్పాడు, గోడ మీది రాత గురించి చెప్పాడు, బోర్డులు రాసే నా బావ అన్నాడు. మరిది సూదులు గుచ్చిన చెయ్యి కదపకుండా రెండో చేత్తో ముఖం తుడుచుకున్నాడు. చివరికి మెంబరు గారు చేతిలోని కాగితాలు పరపరా చించి గాల్లోకి విసిరి, "ఈ పాపంలో నేను భాగం పంచుకోను" అని తన మనుషులు ముగ్గురినీ వెంటబెట్టుకుని సభలోంచి బయటికి నడిచాడు.

వార్డు వార్డంతా చప్పట్లు. మా చెల్లెలు నా భుజం పట్టుకుని ఊపేసింది. "వచ్చేశాడక్కా! లేచి వచ్చేశాడు! ఇంక ఏం చేస్తారు వాళ్ళు?"

"లోపల ఇంకా మనుషులున్నారు కదే" అన్నాను నేను.

"ఉంటే? మనం వచ్చేసిన రోజు పెద్ద డాక్టరు లోపల లేడా? ఏం చెయ్యగలిగాడు?"

నిజమే కదా అనిపించింది నాకు కూడా. నర్సమ్మ వచ్చి, చాలించండి సంత అని టీవీ కట్టేసింది. ఇంకా చూడాలని ఎవరికీ తోచలేదు. పొలిమేర దాటిన పెళ్ళివారిలా అందరం సంబరంగా పనుల్లోకి వెళ్ళిపోయాం.

మర్నాడు ఆయన ఊరికి వస్తే బాజాలు పెట్టించారు. పూలు చల్లారు. పేపర్లో మొదటి పేజీ నిండా కాగితాలు చించుతున్న ఫోటో. లోపలి పేజీ తిప్పినవాళ్ళు మా వీధిలో లేరు. "పోరాటం ఆగదు" అన్నాడు మెంబరు గారు జీపు మీద నిలబడి. మా చెల్లెలు జనంలోంచి తోసుకుంటూ వెళ్ళి, ఇస్త్రీ చేసిన చొక్కాల మూట స్వయంగా ఆయన చేతిలో పెట్టింది. వాటి కాలర్లకు ఆ వారం గంజి కాస్త ఎక్కువే పట్టించింది, మహారాజులా నిలబడాలని.

ఆ తర్వాతి వంతుకు వార్డులో పక్క మంచం మాస్టారు ఉన్నాడు. బళ్ళో పాఠాలు చెప్పి రిటైరైనవాడు, పేపరు చివరి అక్షరం దాకా చదివే మనిషి. మా సంబరం విని చేతిలోని పేపరు పక్కన పెట్టాడు.

"అమ్మా, చట్టం పాసయిపోయింది" అన్నాడు.

"లేచి వచ్చేశాడు కదండీ మాస్టారూ" అంది చెల్లెలు.

"లేచి వస్తే ఆయన ఓటు లెక్కలోకి రాదు తల్లీ. లోపల ఉన్నవాళ్ళు చేతులెత్తారు, లెక్కపెట్టారు. రెండు చేతుల తేడాతో పాసయింది. ఈ నలుగురూ కూర్చుని వద్దని చెయ్యెత్తి ఉంటే వీగిపోయేది."

చెల్లెలికి అర్థం కాలేదు. మళ్ళీ చెప్పించుకుంది. మాస్టారు ఓపికగా మళ్ళీ చెప్పి, ఇంకో మాట కూడా చెప్పాడు. ఇళ్ళ అద్దెల చట్టం రోజున ఆయన ఇలాగే ఉరిమి బయటికి నడిచాడట. నీళ్ళ పన్ను రోజున నడిచాడట. బస్సులు తగ్గించిన రోజున ఒంట్లో బాగాలేదన్నాడట. "మాటలన్నీ మీ వైపే అమ్మా. చెయ్యి మాత్రం ఎప్పుడూ పైకి లేవలేదు. అటు పెద్దలకు కోపం రాకూడదు, ఇటు మీకూ రాకూడదు."

మరిది కళ్ళు మూసుకుని విన్నాడు. "నా బోర్డు తప్పు రాశాను వదినా" అన్నాడు.

వారం తిరక్కుండా చెల్లెలు ఆయన ఆఫీసుకు వెళ్ళింది, నేను తోడు వెళ్ళాను. వరండాలో బల్లల మీద జనం, గోడల నిండా ఆయన ఫోటోలు. లోపలికి పిలిచాక చెల్లెలు నిలబడే అడిగింది.

"చెయ్యెందుకు ఎత్తలేదు బాబూ?"

"అక్కా, నా నిరసన సభ రికార్డుల్లో ఉంది. రేపు చరిత్రలో..."

"చరిత్ర సంగతి కాదు. చెయ్యి. చెయ్యి ఎందుకు ఎత్తలేదు?"

"అవన్నీ పెద్ద లెక్కలక్కా. నీకు చెప్పినా అర్థం కాదు."

నేను ఊరుకోలేదు. "అర్థం కాకపోతే మా ఓటు కూడా అర్థం కాకుండా పోవాలి కదా. అది మాత్రం బాగా అర్థమయిందే మీకు!" అన్నాను. ఆయన గంట కొట్టాడు. తర్వాతి మనిషి లోపలికి వచ్చాడు.

యంత్రాలు లారీ ఎక్కిన రోజు నేను అక్కడే ఉన్నాను. దారిలో గీతలు పడకుండా వాటికి చుట్టడానికి దుప్పట్లు కావాలన్నారు. ఇచ్చింది మా చెల్లెలే. తన పని కదా మరి. చలవ చేసి మడతపెట్టిన దుప్పట్లు, ఒకదాని మీద ఒకటి తీసి ఇచ్చింది. లారీ ఆ నీలం అక్షరాల పక్క నుంచే వెళ్ళింది.

తర్వాత బస్సులు. పొద్దున చీకటితో ఎక్కించి, అక్కడ వరండాలో వంతు కోసం పడుకోబెట్టి, తిరుగు బస్సులో అతని తల ఒళ్ళో పెట్టుకుని వచ్చేది. మనిషి నిమ్మతొక్కలా ఎండిపోయాడు. వానలకు రోడ్డు తెగి బస్సులు నిలిచిపోయిన వారంలో ఒంట్లో నీరు చేరి, ఊపిరి అందక, ఇంట్లోనే పోయాడు. "బస్సు వచ్చిందా?" అన్నదే అతని నోట చివరి మాట.

ఇంకా శవం లేవకముందే మెంబరు గారు వచ్చాడు, ఫోటోగ్రాఫరుతో సహా. నేల మీదే కూర్చున్నాడు. ఒంటి మీద తెల్ల చొక్కా, ఎక్కడ ఇస్త్రీ చేయించాడో గానీ కాలరు వంకర. "బావా, అన్యాయం చేసి వెళ్ళిపోయావు" అని మొదలుపెట్టాడు. చెల్లెలు ఒక్క క్షణం ఆయన వైపు చూసింది. లేచి, చెంగు దులుపుకుని, బయటికి నడిచింది. దాని వెనక నేను. మా వెనక ఉతికే ఆడవాళ్ళు, చుట్టాలు, వీధివాళ్ళు. గదంతా ఖాళీ. లోపల పోయినవాడూ ఆయనా ఫోటోగ్రాఫరూ మిగిలారు. వీధిలో అందరం తలుపు వైపు వీపు పెట్టి నిలబడ్డాం. నా గుండె ఉప్పొంగింది, అబద్ధం ఎందుకు.

మర్నాడు పేపర్లో ఫోటో వచ్చింది. మరిది పక్కన ఆయన ఒక్కడే, అతని చెయ్యి తన చేతిలో పట్టుకుని, తల వంచుకుని. అడ్డం వచ్చేవాళ్ళు లేక ఫోటో ఎంతో బాగా వచ్చింది. కింద రాశారు: ఆప్తుడికి కన్నీటి వీడ్కోలు.

చెల్లెలు ఆ ఫోటో చాలాసేపు చూసింది. "మనం లేచి రాకుండా ఉండాల్సిందక్కా" అంది.

మళ్ళీ ఎన్నికలు వచ్చాయి. మా వీధి చివర కుర్చీలు వేసి సభ పెట్టారు. మెంబరు గారు మైకు ముందుకు వచ్చి, పెద్దాసుపత్రి చట్టం మీద తాను చేసిన పోరాటం గురించి ఎత్తుకోగానే నాకు ఒళ్ళు మండిపోయింది. లేవబోయాను. చెల్లెలు నా మణికట్టు పట్టుకుంది. దాని పట్టు ఎలాంటిదో తడి దుప్పట్లను అడగాలి.

"కూర్చో అక్కా. మనం పోతే ఆయనకే సుఖం."

తర్వాత చెయ్యెత్తింది. ముందు వరసలో, సరిగ్గా ఆయన కళ్ళకు ఎదురుగా. ప్రశ్నలుంటే అడగండి అని మైకులో అన్నారు. కుడివైపు అడిగించారు, ఎడమవైపు అడిగించారు. మైకు దాని దగ్గరికి రాలేదు. ఆయన చూపు మా నెత్తి మీదుగా వెనక వరసలకు పోతోంది. పొగడ్తలు అయ్యాయి, చప్పట్లు అయ్యాయి, జీపులు కదిలాయి. కుర్చీలవాళ్ళు వచ్చి ఒక్కొక్కటే మడిచి బండిలో వేస్తూ మా వరస దాకా వచ్చారు.

"అమ్మా, అయిపోయింది. లేవండి" అన్నారు.

చెల్లెలు చెయ్యి దించలేదు.