సుంకులమ్మ చౌడు మిద్దె

మిద్దె కోసం సుంకులమ్మ మొగుణ్ని ఇంట్లోంచి తరిమేసిందని మా ఊళ్లో చెప్పుకుంటారు. కోసిగి సంతలోనూ చెప్పుకుంటారు. చెప్పేవాళ్లను బట్టి కథ మారుతుంది. మొగుడు గోపన్న గుడ్డల మూట వీధిలోకి విసిరిందని ఒకరంటారు. రోకలి ఎత్తిందని ఇంకొకరంటారు. ఒకరోజు బోరింగు దగ్గర బిందె నింపుకుంటూ పక్కింటి రత్నమణి నాతోనే అంది:

"మీ అత్తకు మొగుడి కంటే మట్టి ఎక్కువైపాయ గదమే భువనా!"

నేను ఆ ఇంటి కోడల్ని. బిందె ఎత్తుకుని వచ్చేశాను.

మా ఆయన వీరేష్ బెంగుళూరులో సెంట్రింగు పని చేస్తాడు. ఎవరెవరి ఇళ్లకో స్లాబులు వేసే మనిషికి సొంతూళ్లో మట్టి మిద్దె ఉండడం నామోషీ అనిపించింది. మా పెళ్లికి ముందు దాన్ని పడగొట్టబోయాడు. ఇంటి ఆడది గడప మీద కూర్చోకూడదంటారు. అత్త వెళ్లి గడప మీదే కూర్చుంది. "పడగొట్టేదుంటే నా మీదే పడగొట్టు" అంది. పెద్దమనుషులు వచ్చి చెప్పినా లేవలేదు. చివరికి పక్కనున్న ఖాళీ దొడ్డిలో కొత్త ఇల్లు కట్టారు. మామ గోపన్న అందరి ముందూ కొడుకు వైపు నిలబడ్డాడు. "నేను నా కొడుకుతోనే ఉంటా" అని మంచం మోసుకుని కొత్తింటికి వచ్చేశాడు. అత్త మిద్దెలోనే ఉండిపోయింది. ఊరి నోటికి అంతకంటే ఏం కావాలి?

బయటి నుంచి చూస్తే ఆ మిద్దెలో గొప్పేమీ కనపడదు. మందమైన రాతిగోడలు, చిన్న కిటికీలు. పడసాల మీద మామ వాళ్ల తాత నల్లమల నుంచి తెచ్చిన టేకు దూలాలు, వాటి మీద నాపబండలు, బండల మీద మూరెడు మట్టి, ఆ పైన చౌడు. పైకప్పు నడుమ గాలికీ వెలుతురుకూ వదిలిన కంత ఒకటి ఉంటుంది. దాన్ని గవాచి అంటాం. లోపలి వేడిగాలి పైకెక్కి అందులోంచి పోతుంది. మే నెలలో వీధిలోంచి ఆ గడప దాటితే కళ్ల మీద ఎవరో తడిగుడ్డ వేసినట్టుంటుంది. మా స్లాబు అట్లా కాదు. పగలంతా ఎండ తాగి, తాగిందంతా రాత్రి మా మీదకు వదులుతుంది. ఫ్యాను ఆ వేడినే గదిలో తిప్పుతుంది.

అయితే చౌడు మిద్దె ఊరికే నిలవదు. ఏటా వానలకు ముందు వంక పక్క నుంచి తెల్లటి చౌడు తవ్వి తెచ్చి, పైన పరిచి, చెక్కతో కొట్టి అదమాలి. అప్పుడే నీళ్లు దిగవు. ఒకప్పుడు వీధంతా కలిసి ఒకరి మిద్దె తర్వాత ఒకరిది చేసుకునేవాళ్లట. తర్వాత సగం ఊరు మిరప కోతలకని గుంటూరు వైపు పోవడం మొదలైంది. తిరిగొచ్చేవాళ్లకు చౌడు మోసే ఓపిక ఉండదు. మిద్దెలు కారాయి, కూలాయి. వాటి చోట స్లాబులు లేచాయి. అత్త మాత్రం గంప నెత్తిన పెట్టుకుని ఒక్కతే మోస్తుంది. రత్నమణి అరుగు మీద నుంచి "సుంకులక్కా, నీ మిద్దె మీద ఏం పైరు పెడతాండావు?" అని నవ్వితే, "నీడ పెడతాండా. కోతకొచ్చినాక నీకూ పంపిస్తాలే" అంటుంది.

పోయిన ఎండాకాలంలో వీరేష్ సెలవు పెట్టి వచ్చాడు. వెంట కర్నూలు నుంచి తిమ్మయ్య అనే వ్యాపారి లారీతో సహా దిగాడు. పాత ఇళ్ల దూలాలు కొని హోటళ్లవాళ్లకు అమ్ముతాడట. దూలాలు పోతే మిద్దె తనంతట తానే పోతుందని మా ఆయన లెక్క. మధ్యాహ్నం వాళ్లు వచ్చేసరికి అత్త మిద్దె పైన చౌడు కొడుతోంది, నేను కింద పడసాలలో ఉన్నాను.

"అమ్మా, దిగిరా. తిమ్మయ్యన్న వచ్చినాడు."

"ఆయప్పనే పైకి రమ్మను. నాకు పనుండాది."

తిమ్మయ్య పడసాలలో నిలబడి దూలాన్ని గోటితో గీకాడు. "సరుకు శానా బాగుందప్పా. ఇప్పుడు వెతికినా దొరకదు" అన్నాడు. పైన దబదబ చప్పుడైంది. గవాచిలోంచి చౌడు రాలి అతని తెల్లచొక్కా నిండా పడింది.

"ఏందమ్మా ఇది!"

"దూలం కొనేటోనివి, దాని మీదుండే మట్టి ఎవరికి వదిలిపెడతావప్పా? అది గూడా తీస్కపో."

వీరేష్ మొహం ఎర్రబడింది. "ఊరంతా నవ్వుతాండారమ్మా మనల్ని జూసి. బెంగుళూరులో నేను కట్టే ఇండ్లు సూసినావా నువ్వు?"

"అవి బెంగుళూరు ఎండకు కట్టినావు. ఈడుండేది కోసిగి ఎండ. నీ స్లాబు కింద నీ పెండ్లాము పెనం మీది రొట్టె మాదిరి అయితాంది, మొగమెత్తి సూసినావా ఎప్పుడన్నా?"

నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను.

"కూలరు తెస్తా అంటి గదా!"

"దానికి నీళ్లు యాడియిరా? బిందెడు నీళ్లకు బోరింగు కాడ జుట్లు పట్టుకుంటాండారు. నీ కూలరుకు ఎవరు తాపల్ల?"

తిమ్మయ్య చొక్కా దులుపుకుంటూ మధ్యలోకి వచ్చాడు. "అదంతా మీ ఇంటి సంగతి. ఇల్లు ఎవరి పేరు మీదుండాది?"

"మా నాయన పేరు మీద."

"అయితే ఆయన నోటితో ఒక మాట చెప్పల్ల. రేపు నా లారీకి అడ్డం పడితే నేనేం జేసేది?"

"ఆయన ఒప్పుకునేదే. అమ్మను వదిలి నాతో వచ్చేసినోడు గదా! చేనికాడ ఉంటాడు, ఫోన్ జేస్తా."

పైన చప్పుడు ఆగిపోయింది. నేను తలెత్తాను. గవాచిలో అత్త ముఖం కనబడింది. నా వైపు చూసి వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది. ఒక్క మాటతో ఆ బేరాన్ని తెంచడం ఆమెకు చేతనవును. కానీ ఆ మాట మామను నలుగురిలో పలుచన చేస్తుంది. నేనూ నోరు మెదపలేదు. ఆమె చెక్క ఎత్తి ఇంకా గట్టిగా కొట్టసాగింది.

వీరేష్ నంబరు నొక్కాడు.

ఫోను మోగింది. చేనిలో కాదు, మిద్దె లోపలి గదిలో. మోగి మోగి ఆగింది. మా మామ తువాలు సర్దుకుంటూ బయటికి వచ్చాడు. చెంప మీద చాప అచ్చు అట్లాగే ఉంది. తిమ్మయ్యను చూశాడు, పైకి దూలాన్ని చూశాడు, అప్పుడు కొడుకును చూశాడు.

"నాయనా! నువ్వు ఈడ..."

"అమ్మేది ల్యాదు."

"పెద్దమనుషుల ముందర నువ్వే గదా నా పక్క నిలబడింది!"

"అప్పుడు సలికాలమురా!" అన్నాడు మామ. "దూలాలు పీకిస్తే ఎండాకాలం నేను యాడ పండుకోవల్ల?"

తిమ్మయ్య పగలబడి నవ్వాడు. వీరేష్ ఫోను జేబులో పెట్టుకుని నేల చూపులు చూశాడు. పై నుంచి అత్త గొంతు వినబడింది:

"తిమ్మయ్యప్పా, పోయేటప్పుడు తలుపు దగ్గరికేసి పో. వడగాలి లోపలికొస్తాంది."

లారీ ఖాళీగా కర్నూలు దారి పట్టింది. ఆమె మొగుణ్ని తరిమేసిందన్న మాట ఇప్పటికీ ఊళ్లో తిరుగుతూనే ఉంది. కొత్తింట్లో మొదటి వేసవి నుంచి ప్రతి మధ్యాహ్నం మా మామ చేనికని చెప్పి బయలుదేరి మిద్దె వెనక సందులోకి తిరుగుతాడు. పెరటి తలుపు గడియ తీసి, చాప పరిచి ఉంచేది మా అత్తే.