నేను పొదతో కప్పిన గడి

కొవ్వూరు నుంచి పడవ నడిపే మనిషి మొన్న రాజమండ్రి రేవులో చెప్పాడు, "మీ డ్రాయింగు మేష్టరుగారు పోయారండి" అని. ఆయన శిష్యులు చాలామంది ఇది చదువుతారు కనుక, ఒక సంగతి దాచకుండా రాయవలసి ఉంది.

ఆయన రోజూ గోదావరి దాటి మా బడికి వచ్చేవారు. పెన్సిలు చెక్కిన పొట్టును నేల మీద పడనిచ్చేవారు కాదు. ఉత్తరీయపు కొంగులో పట్టుకునేవారు.

ఆయన దగ్గర రాగిరేకు మీద చెక్కి కాగితం మీద తీసిన అచ్చుబొమ్మ ఒకటి ఉండేది. రెండు వందల ఏళ్ల కిందట ఇటలీలో వేసిన చిత్రానికి అది నకలు. నిండా చెట్లు, వాగు, గొర్రెలు, కట్టెలు కొట్టేవాళ్లు. ఒక మూల, బొటనవేలంత చోటులో, మతద్వేషంతో ఒక సన్యాసిని పొడిచి చంపుతున్నారు. తోటి సన్యాసి పారిపోతున్నాడు. మాకు మొదట అది కనబడనే లేదు. "ముందు పెద్దవి చూడండి, తరవాత చిన్నవి చూడండి. ఆఖరున, ఎవరు చూడటం లేదో చూడండి" అనేవారు. గొడ్డలి ఆగలేదు, గొర్రె తల ఎత్తలేదు. హత్యను చిన్నదిగా వేయడం దాన్ని తక్కువ చేయడానికి కాదనీ, పక్కవాళ్లకు అది ఎంత చిన్నదో చూపడానికనీ ఆయన వివరణ.

బడి తనిఖీకి పరీక్షాధికారి వస్తారని ఆ చిత్రాన్ని మాచేత పెద్దదిగా వేయించారు. గళ్లుగా విభజించి తలా ఒకటి ఇచ్చారు. హత్య ఉన్న గడి నాకు వచ్చింది. అంత చక్కని అడవిలో ఆ నెత్తురు నాకు రోత పుట్టించింది. ఆకులు బాగా వేస్తాడని నాకు పేరు. చంపేవాణ్ణీ చచ్చేవాణ్ణీ పొదతో కప్పేశాను. పారిపోయే సన్యాసి పక్క గడిలో ఉండిపోయాడు.

అధికారి వచ్చిన ఉదయమే గళ్లు అతికించాం. దిద్దడానికి వ్యవధి లేదు.

"ఆ సన్యాసి ఎందుకండీ పరిగెడుతున్నాడు?" అని బడి కమిటీ పెద్ద ఒకరు అడిగారు.

"భోజనాల వేళయిందేమో లెండి," అన్నారు పక్కాయన. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

అసలు చిత్రం తెలిసిన అధికారి నవ్వలేదు. "ఏంటండీ మేష్టరుగారూ, ఇందులో ముఖ్యమైనదే మీకు కనబడలేదా?"

"పొరపాటు నాదేనండి."

నేను నోరు విప్పలేదు. ఆ ఏడే ఆయనను పెద్ద తరగతుల నుంచి తప్పించారు. చిత్రం చూడటం రాని మేష్టరన్న మాట చివరిదాకా ఆయన వెంటే ఉంది. నేను మాత్రం ఆయన చెప్పిన పద్ధతిలోనే చిత్రాలు వివరించి, వివేకినని పేరు తెచ్చుకున్నాను. ఆ పద్ధతి ఎవరిదో ఏ సభలోనూ చెప్పలేదు.

నిన్న కొవ్వూరు వెళ్లి, రేవుకు ఎదురుగా ఉన్న వాళ్లింటి దగ్గర, ఆ గడి నాదని ఆయన భార్యతో చెప్పాను.

"తెలుసు నాయనా. పంచింది ఆయనే కదా, ఏది ఎవరిదో తెలియదూ? వాడే వచ్చి చెబుతాడులే అనేవారు. పడవ వచ్చే వేళకి ఈ అరుగు మీద కూర్చునేవారు. చూపు తగ్గాక, ఎవరెవరు దిగారో నన్ను చెప్పమనేవారు."

సాయంత్రపు పడవ ఒడ్డుకు చేరింది. జనం దిగుతున్నారు. ఆమె అరుగు అంచున నిలబడి, అలవాటు తప్పక, ఒక్కొక్కరి పేరూ మెల్లగా చెబుతూనే ఉన్నారు.