కాడ గ్లాసులు

మా నాయన హిందూపురంలో ఒక పాత క్లబ్బులో బార్ చూసుకునేవాడు. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకుని పెనుకొండ నుంచి రోజూ రైల్లో పోయి వచ్చేవాడు. మీ ఆయన ఏం పని చేస్తాడని ఎవరైనా అడిగితే అమ్మ "క్లబ్బులో" అని మాట మార్చేసేది. నాయనకు మాత్రం ఆ పనంటే గర్వం.

ఆ క్లబ్బులో దొరల కాలంనాటి గ్లాసులు ఉండేవి. సన్నటి గాజు కాడ మీద కొన్ని గరాటులా విచ్చుకుని, కొన్ని పళ్లెంలా వెడల్పుగా ఉండేవి. నాయన వాటిని కాడ గ్లాసులు అనేవాడు. జిన్నులో నిమ్మరసం, చక్కెర పాకం కలిపి, ఐసుతో కుదిపి, ఆ గ్లాసుల్లోకి వడగట్టడం ఆయనకు అక్కడి ముసలి వంటమనిషి నేర్పాడట.

నేను డిగ్రీ చదువుతుండగా రాష్ట్రంలో మద్యనిషేధం వచ్చింది. ఊరూరా ఆడవాళ్లు సారా అంగళ్ల ముందు కూర్చుని సాధించుకున్నది. అమ్మ కూడా సంబరపడింది. క్లబ్బులో బార్ మూసేశారు. గ్లాసులు ఇంక దేనికని, తీసుకుపొమ్మని నాయనకే ఇచ్చేశారు. ఆయన వాటిని వరిగడ్డిలో పొదిగి, చెక్కపెట్టెలో ఇంటికి తెచ్చుకున్నాడు.

కొన్నాళ్లు ఊరికే కూర్చున్నాడు. తర్వాత మా ఇంటి వెనక గదికి సున్నం కొట్టించి, బల్ల వేసి, కిటికీకి మందపాటి గుడ్డ కట్టాడు. హిందూపురం దాటితే కర్ణాటకే కాబట్టి సీసాలు రావడం కష్టం కాలేదు. వచ్చేవాళ్లు సందులోంచి తలుపు మెల్లగా తట్టి "మజ్జిగ ఉండాదా?" అని అడగాలి. రిటైరైన ఆఫీసర్లు, అంగళ్లవాళ్లు, ఒకరిద్దరు లాయర్లు వచ్చేవాళ్లు.

"ఇంట్లో ఇదేం పని? ఆడపిల్ల ఉండాది" అంది అమ్మ.

"నేనేమన్నా సారా పోస్తాండానా? మర్యాదస్తులు వస్తాండారు. గ్లాసు పట్టుకునే తీరు తెలిసినోళ్లు" అన్నాడు నాయన.

అమ్మ ఆ గ్లాసులను ముట్టలేదు. నాయనే గోరువెచ్చటి నీళ్లలో కడిగి, తెల్లపంచె పరిచి బోర్లించేవాడు. గోడకు ఇవతల నేను చదువుకుంటుంటే అమ్మ పక్కనే కూర్చునేది. వీధిలో జీపు చప్పుడైతే చాలు, నా మోచెయ్యి గట్టిగా పట్టుకునేది.

మా మామ, అంటే అమ్మ తమ్ముడు, ధర్మవరంలో పట్టుచీరలు నేసేవాడు. జరీ అంచులు నేయడంలో ఆయనకు మంచి పేరు. సారా వాసనే గిట్టదని అంతవరకూ ముట్టని మనిషి. ఒక ఆదివారం అక్కను చూడటానికి వస్తే, నాయన వెనక గదిలోకి పిలిచి ఒక కాడ గ్లాసు చేతికిచ్చాడు.

"ఇది మందు మాదిరి లేదే బావా, పానకం మాదిరి ఉండాది" అన్నాడు మామ. నాయన మురిసిపోయాడు.

తర్వాత ప్రతి ఆదివారం వచ్చాడు. రానురాను వారం మధ్యలో కూడా రావడం మొదలుపెట్టాడు. బావ ఇంటికి వచ్చిన బావమరిదికి పోయకపోతే ఎట్లా అని నాయన పోస్తూనే ఉన్నాడు.

ఒక మధ్యాహ్నం మామ భార్య, మా అత్త, ఒక్కతే బస్సెక్కి వచ్చింది. నేరుగా వెనక గదిలోకి పోయి, మామ నేసిన చీర సంచిలోంచి తీసి బల్లమీద పరిచింది. అంచులో హంసలు వంకరపోయి ఒకదానిమీద ఒకటి ఎక్కి ఉన్నాయి. షావుకారు తిప్పి పంపాడట.

"ఆయనకు చెయ్యి వణుకుతాండాది అన్నా. పొద్దున లేస్తానే వణుకుతాండాది. పోసేది నువ్వే గదా?" అంది.

"మానమని చెప్తాలే అమ్మా" అన్నాడు నాయన, చీర వైపు చూడకుండా.

చెప్పాడు. పోయడం మానేశాడు కూడా. మామ మాత్రం తాగడం మానలేదు. సరిహద్దు నుంచి దొంగతనంగా వచ్చే సారా ప్యాకెట్లకు మరిగాడు. కొంతకాలానికి నిషేధం ఎత్తేశారు. బస్టాండు దగ్గరే షాపులు తెరుచుకునేసరికి మా వెనక గదికి ఎవరూ రాలేదు. గ్లాసుల పెట్టె అటక ఎక్కింది. ఇంకొన్నేళ్లకు మామ కడుపు ఉబ్బి, కళ్లు పచ్చబడి చనిపోయాడు. ఆరోజు నాయన ధర్మవరంలో మామ ఇంటి బయటే నిలబడి తిరిగొచ్చాడు. ఇంట్లో మామ మాట ఎత్తడం కూడా మానేశాడు.

నేను కొత్తచెరువులో టీచరుగా చేస్తున్న రోజుల్లో బెంగుళూరు నుంచి ఒక కుర్రాడు కారులో వచ్చాడు. పాత క్లబ్బు మెంబరు మనవడట. కొత్తగా బార్ పెడుతున్నాం, ఆ గ్లాసులు కావాలన్నాడు. నాయన ముఖం వెలిగిపోయింది. పెట్టె ఇచ్చేశాడు. బార్ తెరిచాక నాయననూ నన్నూ రమ్మన్నాడు ఆ అబ్బాయి.

ఒక సాయంత్రం బెంగుళూరు పోయాం. బయటికి అది టైలరు అంగడి. లోపల ఒక బీరువా ముందు మనిషి నిలబడి రహస్య మాట అడిగాడు. మా ముందున్న జంట నవ్వుకుంటూ చెవిలో చెప్పారు. బీరువా తలుపు తెరిస్తే అవతల మసక వెలుతురు గది, అరల్లో నాయన గ్లాసులు.

"ఈడికి పోలీసులొస్తారా అప్పా?" అని నాయన మెల్లగా అడిగాడు.

"లైసెన్సు ఉంది సార్. ఇదంతా సరదాకి. అమెరికాలో నిషేధమప్పుడు ఇట్లా దాక్కుని తాగేవాళ్లట" అన్నాడా అబ్బాయి. ఒక కాడ గ్లాసులో కలిపి, గౌరవంగా నాయన ముందు పెట్టాడు.

నాయన దాన్ని ముట్టుకోలేదు. అరల వెనక గోడ చూపించి "ఆ గోడెనక ఎవరుంటారు?" అన్నాడు.

"ఎవరూ ఉండరు సార్. స్టోర్ రూమ్."

మరునాడు పొద్దున బస్సు పెనుకొండలో ఆగినా నాయన లేవలేదు. "ధర్మవరం పోదాం" అన్నాడు.

అత్త వాకిట్లో కూర్చుని కండెలకు పట్టుదారం చుడుతోంది. లోపల ఆమె కొడుకు మగ్గం ఆడిస్తున్నాడు. నాయన చెప్పులు విడిచి ఆమె ఎదుట నేలమీద కూర్చున్నాడు.

"వాని చేతికి మొదటి గ్లాసు ఇచ్చింది నేనే అమ్మా" అన్నాడు.

అత్త దారం చుట్టడం ఆపలేదు. "నువ్వు పోయకపోయినా యాడో ఒగచోట తాగుండునేమో అన్నా. తాగకపోయుండునేమో కూడా. నాకేం తెలుసు? పోసింది మాత్రం నువ్వు" అంది.

తర్వాత లేచి అన్నం పెట్టింది. నాయన సగం తిని చెయ్యి కడుక్కున్నాడు. ఆ తర్వాత బతికినన్నాళ్లు ఆయన ధర్మవరం పోలేదు. అత్తా రమ్మని కబురు పంపలేదు.