తబితా సిస్టర్ విన్న గొంతులు

"...మాట్లాడకుండ్రి సార్. బీపీ పట్టీ కట్టినప్పుడు మాట్లాడితే లెక్క తప్పు చూపిస్తది. చెప్పేదేమన్న ఉంటే ఇప్పినంక చెప్పుండ్రి. మస్తు ఉన్నట్టుంది చెప్పేది, మొకం జూస్తేనే తెలుస్తున్నది."

హనుమత్ప్రసాద్ నోరు మూసుకున్నాడు. చెప్పేదేమీ లేదని చెప్పడానికే ఆ నోరు తెరిచాడు.

అమీర్‌పేటలో మైత్రీవనం వెనక సందులో ఉంది ఆ ఒంటిగది క్లినిక్. డాక్టరు గారు పదింటికి గానీ రారు. నర్సు తబితా మాత్రం ఎనిమిదికే తలుపు తీసి కూర్చుంటుంది. ఏడింటి బ్యాచ్ వదిలిన కంప్యూటర్ కోచింగ్ సార్లు తొమ్మిదింటి బ్యాచ్‌కి వెళ్లే లోపల బీపీ చూపించుకుని పోవాలని ఆవిడ పెట్టిన పద్ధతి అది. చెప్పుల అట్టపెట్టెల్లో మనిషికో కార్డు, కార్డులో నెలకో గడి. రెండు నెలలు రాకపోతే ఆవిడే మూడంతస్తులెక్కి క్లాసు గుమ్మంలో నిలబడుతుంది. ఒక్క మాటా అనదు. ఆ తెల్ల చీర కనిపిస్తే చాలు, జావా చెప్పే మనిషి కూడా తడబడతాడు.

పాదరసం మెల్లగా దిగింది. తబితా ఇంకోసారి గాలి కొట్టి చూసింది.

"నూట తొంబై. కింద నూట పది."

"మెట్లు దిగి వచ్చాను కదండీ. టెన్షన్."

"మార్చి సంది గడులు ఖాళీగున్నయి. గోళీలు ఏసుకుంటున్నరా?"

"వేసుకుంటున్నానండి. బ్యాచ్ నడిచే రోజుల్లో."

"నడవని దినాలల్ల?"

"క్లాసే లేనప్పుడు టెన్షన్ ఎక్కడిదండీ? టెన్షన్ లేనప్పుడు బీపీ ఎక్కడిది?"

తబితా నవ్వలేదు. "ఈ సందుల సార్లందరు ఒక్క బడిల చదివిండ్రా ఏంది? రఘురామ్ సార్ సుత గంతే. డెమో క్లాసున్న పొద్దున రెండేసుకుంటడు, ఐతారం ఒక్కటి సుత ఏసుకోడు. ఐదు నిమిషాలు ఊకె కూసోండ్రి. మళ్ల చూస్త."

అతను కూర్చున్నాడు. అద్దాల తలుపు అవతల పాంప్లెట్లు పంచేవాళ్ల నోళ్లు కదులుతున్నాయి, మాట మాత్రం లోపలికి రావడం లేదు. చూడబుద్ధి కాక తల తిప్పుకున్నాడు.

పొద్దున జరిగింది అలాంటిదే. ఏడూ నలభై అయివుంటుంది. రెండు వందల మందికి పాఠం చెబుతున్నాడు. ఆరేళ్లుగా చెబుతున్న పాఠం. ఉన్నట్టుండి పెన్నులు ఆగిపోయాయి. ముందు బల్లమీది అమ్మాయి ఫక్కున నవ్వి, అంతలోనే నవ్వు మింగేసి పక్కపిల్ల చెయ్యి పట్టుకుంది. అప్పుడు వినిపించింది అతనికి, గది చివర వేలాడదీసిన స్పీకర్లోంచి ఒక గొంతు. అచ్చం తన గొంతే. మాటలు మాత్రం ఏ భాషవో కావు. పక్క ఇన్‌స్టిట్యూట్ వాళ్ల కార్డ్‌లెస్ మైకు ఇక్కడి స్పీకర్లో పలకడం అమీర్‌పేటలో మామూలే గనక, అదే అనుకున్నాడు. మైకు కట్టేశాడు. స్పీకరు ఆగింది. ఆ మాటలు ఆగలేదు. అతని నోట్లోంచే వస్తున్నాయి.

పది నిమిషాల్లో అంతా సర్దుకుంది. మైకు పాడైందని చెప్పి క్లాసు వదిలేశాడు. ఇది బయటికి పొక్కితే ఫ్లెక్సీ మీద తన పేరుండదు, సాయంత్రానికల్లా పిల్లలు ఎదురు బిల్డింగులో చేరిపోతారు. అందుకని ఎవరికీ చెప్పదలచుకోలేదు. బీపీ ఒకటి చూపించుకుని తొమ్మిదింటికి మళ్లీ మైకు పట్టుకుందామనే వచ్చాడు.

"మా ఇంటాయన విన్సెంట్ మంచిగ పాడుతుండె సార్," అంది తబితా, కార్డులు సర్దుతూనే. "బేగంపేటల హోటల్ల పని. తలనొప్పి పోయిందని బీపీ గోళీలు బంద్ పెట్టిండు. ఊరందరి బీపీ రాసేదాన్ని, నా ఇంట్ల మనిషి చేతికి పట్టీ కట్టలే. ఒక ఐతారం ఎస్సార్ నగర్ల మా ప్రార్థనల సాక్ష్యం చెప్తనని లేచిండు. రెండు మాటలు మంచిగనే చెప్పిండు. ఎన్కనుంచి వేరే మాటలొచ్చినయి. ఎవ్వలకు తెల్వని మాటలు, ధారగ."

"అంటే?"

"పరిశుద్ధాత్మ దిగిందనుకున్నం. అన్యభాషలు, దేవుడిచ్చిన వరమన్నరు. అందరు లేచి స్తోత్రం స్తోత్రం అన్నరు. నేను సుత సంతోషంతోని ఏడ్చిన. గా మాటలు ఇని నేను చప్పట్లు కొట్టిన సార్. ఆయన చేతిలకెల్లి బైబిల్ జారి పడ్డది, అప్పుడన్న చూడలే. నోరు పక్కకు పోయినంక చూసిన. దవాఖానకు పోయేసరికి మూడు గంటలైంది."

"తరవాత?"

"ఆరేండ్లు బతికిండు. ఒక్కటే మాట మిగిలింది, నీళ్లు. అన్నానికి నీళ్లు, ప్రార్థనకు నీళ్లు, నన్ను పిలుస్తె నీళ్లు. పొద్దుగాల లేచి నా దిక్కు జూసి అదే మాట. నేను చెంబు తెస్తే కాదని తల ఊపుతుండె. ఏం కావాల్నో మరి, పోయేదాక తెల్వలే."

అంతలో ఎవరో తలుపు సగం తీశారు. సందులోని మైకులన్నీ ఒక్కసారి లోపలికొచ్చాయి. హనుమత్ప్రసాద్ చెవులు రిక్కించాడు. ఒక్క మాటా అందలేదు.

"సిస్టర్ గారూ, ఆ బయట చెప్పేది... మీకేమైనా అర్థమవుతోందా?"

"అది ఒరాకిల్ క్లాసు సార్. నాకెన్నడర్థమైంది?" అని, అతని ముఖం చూసి ఆగిపోయింది. వచ్చినవాణ్ని బయటే కూర్చోమని తలుపు వేసేసింది. "ఎప్పుడైంది?"

అతను చెప్పేశాడు. ఏడూ నలభై, పెన్నులు, స్పీకరు, మైకు కట్టేశాక కూడా ఆగని మాటలు. చెబుతున్నంతసేపూ ఆవిడ కళ్లనే చూశాడు, తన మాటలు మాటల్లాగే వెళుతున్నాయో లేదో అని.

తబితా అతని చేత చేతులు రెండూ ఎత్తించింది, నవ్వమంది, చూపించినవాటి పేర్లు చెప్పించింది. అన్నీ సరిగ్గానే ఉన్నాయి.

"ఇప్పుడు బాగానే ఉంది కదండీ," అన్నాడు. "తొమ్మిదింటి బ్యాచ్ చెప్పేసి..."

"పక్షవాతమే వచ్చి పోయింది సార్. మళ్ల రావచ్చు. ఈసారి పోదేమో." డాక్టరు గారికి ఫోన్ చేసింది. రెండే ముక్కలు మాట్లాడి, చీటీ మీద టైము, బీపీ రాసింది. సందు మొదట్లో ఆటో పెట్టుకునే యెషయాని పిలిచింది. "అన్నా, పంజాగుట్ట పెద్దాసుపత్రి. ఎమర్జెన్సీల డాక్టర్ చేతికి అప్పజెప్పినంకనే రా. సార్ నడుమ దిగుతనంటె దించకు."

హనుమత్ప్రసాద్ ఆటోలో కూర్చున్నాడు. మూడో అంతస్తు కిటికీలోంచి ఎవరో మైకు సరిచూస్తూ హలో, హలో అంటున్నారు. తబితా చీటీని అతని జేబులో పెట్టి, లోపలికి వంగింది.

"ఒక్క పని చేసి పెట్టుండ్రి సార్. ఆడ డాక్టర్ అడిగితె మైకు ఖరాబైందని చెప్పకుండ్రి, టెన్షనని చెప్పకుండ్రి. ఏడూ నలభైకి నా నోరు నా మాట ఇనలే అని, గంతే చెప్పుండ్రి."